గట్లు లేని పొలాలు: లాక్స్‌టన్ ఊరి జ్ఞాపకాలు

ఇంగ్లండ్ పల్లె అనగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ ఒకటుంది. చిన్న చిన్న పచ్చిక మళ్లు, మడి చుట్టూ ముళ్లకంచె, దూరంగా చర్చి గోపురం. ఆ కంచెలు కూడా చర్చి అంత పాతవే అనుకుంటాం. మధ్య ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లకు ఆ కంచెలు వచ్చి రెండొందలు, రెండొందల యాభై ఏళ్లే. అంతకుముందు ఊరి సాగుభూమి అంతా గట్టూ కంచే లేని ఒక్క బయలు. అందులో సన్నటి పట్టీల్లా పంచిన నేల, ఎవరి పట్టీ వాళ్లది. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. నాటింగ్‌హామ్‌షైర్‌లో న్యూవార్క్ పట్టణానికి ఉత్తరంగా, షేర్‌వుడ్ అడవికి తూర్పు వైపున ఉన్న లాక్స్‌టన్‌లో మాత్రం పోలేదు. ఆ ఊళ్లో మూడు పెద్ద పొలాలు ఇప్పటికీ గట్లు లేకుండానే ఉన్నాయి: వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. మూడూ కలిపితే సుమారు 480 ఎకరాలు.

లాక్స్‌టన్, పక్కన ఉన్న మూర్‌హౌస్ పల్లె కలిపి ఒక పారిష్. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉన్న ఊరు అని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. పంటలో పదో వంతు వసూలు, దారుల మరమ్మతు, దిక్కులేనివాళ్ల పోషణ, పుట్టుక, పెళ్లి, చావుల లెక్క, అన్నీ ఒకప్పుడు పారిష్ చేతి మీదుగానే నడిచేవి. దేశంలో భూముల లెక్కగా 1086లో రాయించిన డూమ్స్‌డే బుక్‌లోనే ఈ ఊరు కనిపిస్తుంది. 12వ శతాబ్దిలో షేర్‌వుడ్ అడవిని వంశపారంపర్యంగా కాచే దొరలు ఊరికి ఉత్తరాన మట్టి దిబ్బ మీద కోట కట్టుకున్నారు. కోట పోయింది, దిబ్బ మిగిలింది. చర్చిలో ఎవరింగ్‌హామ్ వంశం వాళ్ల సమాధి ప్రతిమలున్నాయి. అందులో ఒకటి రాయి కాదు, ఓక్ కర్రతో చెక్కిన స్త్రీమూర్తి, 14వ శతాబ్దిది. కర్ర ప్రతిమలు ఇంగ్లండ్‌లో చాలా అరుదు. పురుగు తినకుండా, పొయ్యిలోకి పోకుండా అన్నేళ్లు నిలిచింది ఆ కర్ర. కోట కంటే, సమాధుల కంటే ఈ ఊరిని ఊరుగా నిలబెట్టింది మాత్రం దుక్కి, ఆ దుక్కి చుట్టూ అల్లుకున్న కట్టుబాట్లు.

దుక్కి సంగతి దగ్గరగా చూడాలి. ఎందుకంటే మన ఎకరం అక్కడి నుంచే వచ్చింది.

పాత రోజుల్లో బరువు నాగలికి రెండేసి చొప్పున ఎనిమిది ఎద్దులు కట్టేవాళ్లు. లాక్స్‌టన్ నేల ఎర్ర బంకమన్ను. తడిస్తే కాలు దిగబడుతుంది, ఎండితే ఇటుక. ఎద్దులు ఆగకుండా లాగగలిగినంత దూరం 220 గజాలు. అదే ఫర్లాంగు. చాలు పొడుగు అని ఆ మాటకు అర్థం. ఆ పొడుగున 22 గజాల వెడల్పు నేల దున్నితే దాదాపు ఒక రోజు పని, అదే ఎకరం. 220ని 22తో గుణిస్తే 4840 చదరపు గజాలు. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండే ఎకరం అచ్చంగా ఇదే. 1620లో గంటర్ అనే ఇంగ్లిషు గణితవేత్త ఆ 22 గజాలనే కొలత గొలుసుగా చేసి నూరు లింకులుగా విభజించాడు. పది చదరపు గొలుసులైతే ఎకరం. అర గొలుసు పొడుగు, అర గొలుసు వెడల్పు ఉన్న చదరం 121 గజాలు, తెలంగాణలో అది గుంట. ఎకరంలో నూరో వంతు 48.4 గజాలు, ఆంధ్రలో అది సెంటు. క్రికెట్ పిచ్ పొడుగు కూడా 22 గజాలే. ఒక వికెట్ దగ్గర నుంచి రెండో వికెట్ దగ్గరికి పరిగెత్తితే పాత ఇంగ్లండ్ ఎకరం పట్టీని అడ్డంగా దాటినట్టే.

ఆ నాగలికి మట్టిని తిరగేసే రెక్క ఒక్క కుడి వైపే ఉండేది. అందుకని పట్టీ నడుమ మొదటి చాలు వేసి, దాని చుట్టూ కుడిచేతి వాటంగా కోండ్ర తిప్పుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. ప్రతి చాలూ మట్టిని లోపలికే విసురుతుంది. అలా ఏటేటా దున్నగా నడుమ బోదె లేచి, అంచుల్లో కాలువలాంటి పల్లం పడుతుంది. ఆ బంకనేలలో మురుగు పోవడానికి వేరే దారి లేదు, ఆ పల్లమే దారి. పల్లం పూడితే శీతాకాలం వాన గోధుమ మొక్క మొదట్లో నిలిచిపోతుంది, వేరు ఊపిరాడక ఆకు పసుపు తిరుగుతుంది. పై పట్టీవాడు పల్లం తీయకపోతే నష్టపోయేది కింది పట్టీవాడు. తగాదాల్లో సగం ఇక్కడే మొదలయ్యేవి.

ఇంకో చిత్రం, ఆ పట్టీలు తిన్నగా ఉండవు. పై నుంచి చూస్తే రెండు కొసలా వంపు తిరిగి, తిరగబడ్డ ఇంగ్లిషు ఎస్ అక్షరంలా ఉంటాయి. నాలుగు జతల ఎద్దుల అరకను ఒక్కసారి తిప్పాలంటే బోలెడు చోటు కావాలి. అందుకే చివరికి చేరకముందే అరకను ఒక పక్కకి ఒరగదీస్తూ వచ్చేవాళ్లు. ములుకోల పట్టిన కుర్రవాడు ముందు జతను ఎక్కడ మళ్లించాడో ఆ గుర్తు నేల మీద ఇప్పటికీ ఉంది. పచ్చిక కింద మిగిలిపోయిన పాత బోదెలు సాయంత్రం ఏటవాలు ఎండలో నీడలు పరుచుకుని బయటపడతాయి. దున్నుతున్న పొలాల్లో మాత్రం ట్రాక్టరు వచ్చి చాలా మటుకు చదును చేసేసింది.

ఒక రైతుకు పది ఎకరాలుంటే పది చోట్ల ఉండేవి. ఒకే చోట ఎందుకు పెట్టుకోలేదు అంటే, మంచి నేల, చవుడు, పల్లం, మెరక అందరికీ సమంగా రావాలని. ఒక మూల వడగళ్లు పడినా ఇంకో మూల పంట మిగులుతుంది. దీనికి చెల్లించిన వెల కూడా తక్కువది కాదు. ఇంటి నుంచి ఈ పట్టీకి, ఈ పట్టీ నుంచి ఆ పట్టీకి నడకలోనే సగం పూట గడిచిపోయేది. రైతుల ఇళ్లూ కొట్టాలూ పొలాల్లో కాకుండా ఊరి వీధి వెంట బారుగా ఉండటానికి కారణం కూడా ఇదే. పొలం నలుమూలలా ఉన్నప్పుడు ఇల్లు ఊరి నడుమ ఉంటేనే నయం. మిగతా ఊళ్లలో కంచెలు పడ్డాక రైతులు వీధి వదిలి ఎవరి పొలంలో వాళ్లు ఇల్లు కట్టుకున్నారు. లాక్స్‌టన్ వీధి ఖాళీ కాలేదు.

పంట వరస మూడేళ్ల చక్రం. ఒక పొలంలో ఈ ఏడు శీతాకాలపు గోధుమ. అక్టోబరు, నవంబరుల్లో విత్తి మరుసటి ఆగస్టులో కోస్తారు. తర్వాతి ఏడు అదే పొలంలో మార్చిలో వేసే బార్లీ, బఠాణీ, చిక్కుడు జాతి పంటలు. మూడో ఏడు పడావు. పడావు అంటే ఊరికే వదిలేయడం కాదు. గొర్రెల్ని తోలేవాళ్లు, వాటి పెంట నేలకు అందేది. వేసవిలో రెండు మూడు సార్లు తిరగదున్నేవాళ్లు. మన గరికలాంటి వేళ్లగడ్డి ఒకటి అక్కడా ఉంది. ఎండలో దాని వేళ్లు పైకి వచ్చి మాడితే తప్ప చావదు. వానలు పడి వేసవి దుక్కి తప్పిపోతే ఆ గడ్డి రాబోయే గోధుమను మింగేసేది. ఇప్పుడు పడావు ఏట పశువుల మేతకు క్లోవర్‌లాంటివి వేస్తున్నారు. మూడు పొలాలు ఒక దాని వెనక ఒకటి తిరగడం మాత్రం మారలేదు.

ఆ కాలంలో రాబడి ఎంతో లెక్క వేస్తే గుండె కలుక్కుమంటుంది. మధ్యయుగాల్లో ఎకరానికి సుమారు 2 బుషెళ్ల గోధుమ విత్తితే, మామూలు ఏడాదిలో 8 నుంచి 10 బుషెళ్లు వచ్చేది. బుషెల్ అంటే 27 కిలోల దాకా అనుకోండి. ఎనిమిది వచ్చిందనుకుంటే, రెండు మళ్లీ విత్తనానికి తీసిపెట్టాలి. పదో వంతు చర్చికి. మిగిలింది అయిదుంబావు బుషెళ్లు, అంటే 140 కిలోలు. అందులోనే దొరకు ఇవ్వాల్సింది, అందులోనే ఇంటిల్లిపాది తిండి. ఒక వరుస వానలు చెడితే విత్తన గింజల మీదకి చెయ్యి పోయేది. విత్తనం తిన్న ఇంట్లో మరుసటి ఏడు సంగతి చెప్పక్కర్లేదు.

గట్టు లేని చోట పొరుగువాడి నేలలోకి జరగడం ఎంత తేలికో దున్నినవాళ్లకు తెలుసు. చాలు వెడల్పు తొమ్మిది అంగుళాలు. ఏడాదికి ఒక్క చాలు అటు జరిపితే చూసేవాడికి తేడా తెలియదు. అదే పదేళ్లు చేస్తే ఏడున్నర అడుగులు, అంటే రెండున్నర గజాలు. 220 గజాల పొడుగున లెక్కిస్తే 550 చదరపు గజాలు. ఎకరంలో పదకొండు సెంట్ల పైచిలుకు, నాలుగున్నర గుంటలు, ఎవరూ దొంగతనం అనకుండానే పోయాయి. ఊరి కోర్టు పుట్టింది ఇలాంటివాటిని ఆపడానికే.

ఆ కోర్టు పేరు కోర్ట్ లీట్. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో మేనరు మేనరుకూ, అంటే ఒక్కొక్క దొర ఏలుబడిలోని భూమికీ, ఉండేవి. 1977లో పార్లమెంటు చట్టంతో ఇలాంటి పాత కోర్టుల అధికారాలు రద్దు చేసినప్పుడు, లాక్స్‌టన్ కోర్టుకు మినహాయింపు ఇచ్చారు. ఎందుకంటే అది వేడుకకు నడిచే కోర్టు కాదు, దానికి చెయ్యాల్సిన పని ఉంది.

నవంబరు నెలాఖరులో జ్యూరీ డే వస్తుంది. అప్పటికి గోధుమ మొలిచి నేల మీద పచ్చటి గీతల్లా కనిపిస్తూ ఉంటుంది. పన్నెండు మంది రైతులు, వాళ్లలో ఒకరు ఫోర్‌మన్. చెక్క మేకులూ సమ్మెటా పట్టుకుని ఆ ఏడు గోధుమ వేసిన పొలానికి బయల్దేరతారు. మిగతా రెండు పొలాల జోలికి పోరు, వాటి వంతు వాటికి వస్తుంది. వాళ్లు చూసేవి ముఖ్యంగా మూడు. ఒకటి, పట్టీల నడుమ హద్దు జరిగిందా. రెండు, దున్నేవాడు బండిదారి మీదికో పచ్చిక మీదికో ఎక్కాడా. మూడు, మురుగు కాలువలు తీసి ఉన్నాయా. హద్దు ఎక్కడో అనుమానం వస్తే వయసు మళ్లినవాళ్ల మాటా, పాత మేకూ, కొలతా కలిపి తేలుస్తారు. తేలిన చోట కొత్త మేకు దిగగొడతారు. మొలకలు కనిపించాకే ఎందుకు వెళ్తారంటే, విత్తిన గీత అబద్ధం చెప్పదు. ఒట్టి దుక్కిలో ఎవడు ఎంత మేర ఎక్కాడో వాదించుకోవచ్చు, మొలిచిన గోధుమ ఎవరిదో వాదించలేం. మరీ ఆలస్యం చేస్తే మేకు కొట్టిన చోట పైరు తొక్కుడై పాడవుతుంది. ఆ రోజును ఎంచిన పూర్వీకుల తెలివికి దణ్ణం పెట్టాలి.

వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే ఊరి పబ్బులో కోర్టు కూర్చుంటుంది. ఎస్టేటు తరఫు స్టీవర్డు అధ్యక్షుడు. హాజరు పిలుస్తాడు. రానివాళ్లకు నామమాత్రపు జరిమానా. ఫోర్‌మన్ తాము చూసిన తప్పులు చదువుతాడు, ఒక్కొక్క తప్పుకు కొద్దిపాటి సొమ్ము విధిస్తారు. ఆ సొమ్ము ఎవరినీ బీదవాణ్ణి చెయ్యదు. నలుగురి ముందు, రోజూ ముఖాలు చూసుకునేవాళ్ల ముందు, ఫలానా ఆయన దారి మీదికి ఎక్కి దున్నాడు అని పైకి చదవడంలోనే శిక్ష ఉంది. పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

బందెలదొడ్డి కూడా ఉంది ఆ ఊళ్లో, పబ్బుకు దగ్గర్లోనే. తప్పిపోయి పైరులో పడ్డ గొడ్డును తోలుకొచ్చి పెట్టడం, సొంతదారు డబ్బు కడితేనే విడవడం పిండర్ అనే ఊరి ఉద్యోగి పని. గట్టూ కంచే లేని పొలంలో ఒక్క ఆవు తాడు తెంచుకుంటే పది మంది పైరు పోతుంది. ఇప్పుడు వీధిలో తిరిగే గొడ్లు లేవు, ఆ దొడ్డి ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ దొడ్డి ముందు నిలబడితే ఒకప్పటి గిత్తల రంకెలు వినిపిస్తున్నట్టే ఉంటుంది.

పొలాల నడుమ దున్నడానికి వీల్లేని పల్లాలు, వాలు చోట్లు ఉన్నాయి. వాటిని సైక్స్ అంటారు. ఎప్పుడూ నాగలి తగలని పచ్చిక అది. ఏటా జూన్, జులై రోజుల్లో వాటి గడ్డిని వేలంపాట వేస్తారు. పాడుకున్నవాళ్లు కోసి, ఎండబెట్టి, మేతకు పట్టుకుపోతారు. రసాయన ఎరువు పడని నేల కాబట్టి అక్కడ మిగతా చోట్ల కనుమరుగైన పూలమొక్కలు బతికాయి. ముదురు ఎరుపు గుండీల్లాంటి పూలు కాడల చివర ఊగుతుంటాయి, వాటి మధ్య పసుపు పూలు. ప్రభుత్వం ఆ పచ్చికను ప్రకృతి రక్షణ స్థలంగా గుర్తించింది. గడ్డి ముందే కోస్తే పూలు గింజ కట్టవు. అసలు కోయకుండా వదిలేస్తే మొరటు గడ్డి పెరిగి పూలమొక్కల్ని నొక్కేస్తుంది. పాత వేలంపాట రోజులు ఆ పూలకు సరిగ్గా సరిపోయాయి.

ఈ ఊరి గతాన్ని కళ్లకు కట్టేది ఒక పటం. విలియం కూర్టెన్ అనే లండన్ వర్తకుడు మేనరు కొనుక్కుని, తన భూమి ఎంతో ఎక్కడో తెలుసుకోవాలని కొలిపించాడు. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు ఊరంతా కొలిచి గీశాడు. ఒక్కొక్క పట్టీ, దాన్ని సాగుచేసే మనిషి, ఇల్లు, పెరడు, అన్నీ అందులో ఉన్నాయి. అంతటితో ఆగలేదు. పొలాల మధ్య అరక దున్నుతున్న మనుషుల్ని, కోత కోస్తున్నవాళ్లను, దుప్పిని తరుముతున్న వేటగాళ్లను చిట్టి చిట్టి బొమ్మలుగా వేశాడు. ఆ బొమ్మలు అవసరం లేదు, శిస్తు లెక్కకు పనికిరావు. అయినా వేశాడు. పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది.

మనుషుల లెక్కకు మాత్రం పారిష్ పుస్తకాలే దిక్కు. ఇంగ్లండ్‌లో ప్రతి పారిష్ పెళ్లిళ్లు, బాప్టిజాలు, ఖననాలు రాసి ఉంచాలని 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తరువు ఇచ్చాడు. 1603 నుంచి ఆ పుస్తకాలుండే పెట్టెకు మూడు తాళాలు: ఒక చెవి చర్చి గురువు దగ్గర, రెండు చర్చి వార్డెన్ల దగ్గర. ముగ్గురూ కలిస్తే గానీ తెరుచుకోదు. ఈ పుస్తకాలు చదివేవాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. 1701 మేలో పెళ్లయిన జంటకు 1701 ఫిబ్రవరిలో బిడ్డ బాప్టిజం అని కనిపిస్తే కంగారు పడతాం. అది మన లెక్కలో 1702 ఫిబ్రవరి. పెళ్లయిన తొమ్మిది నెలలకు బిడ్డ, అంతే. అలాగే 1678 చట్టం తర్వాతి ఖననాల పక్కన ఉన్నిబట్ట ప్రమాణం అని కనిపిస్తుంది. దేశంలో ఉన్ని వ్యాపారం నిలబెట్టడానికి శవాన్ని ఉన్ని గుడ్డలోనే పాతిపెట్టాలని, ఎనిమిది రోజుల్లో ఆ మాట ప్రమాణం చేసి చెప్పాలని, లేకపోతే అయిదు పౌండ్ల జరిమానా అని రూలు. చావు ఇంట్లో కూడా గొర్రెల బేరం చొరబడింది.

మరి ఇన్ని ఊళ్లలో పోయినది ఇక్కడ ఎలా మిగిలింది? 1604 నుంచి 1914 లోపు ఇంగ్లండ్‌లో పార్లమెంటు 5,200కు పైగా కంచెల చట్టాలు చేసింది. దాదాపు 68 లక్షల ఎకరాలు, దేశంలో అయిదో వంతు, ఆ చట్టాలతో కంచెల్లోకి పోయాయి. ఉమ్మడి మేత పోయింది. ఒక ఆవు, నాలుగు బాతులతో బతికే కూలికి ఆ మేతే ఆధారం, అది పోతే పట్నం దారి పట్టాడు. లాక్స్‌టన్‌లోనూ కొంత భూమికి కంచెలు పడ్డాయి. తక్కిన భూమి ఇద్దరు పెద్ద ఎస్టేటుదార్ల మధ్య, చిన్న సొంతదార్ల మధ్య కలగలిసి ఉండటంతో ఒప్పందం కుదరలేదు. 1870ల తర్వాత ధాన్యం ధరలు పడిపోయి, కంచెలకు పెట్టే ఖర్చు గిట్టుబాటు కాదని తేలింది. 20వ శతాబ్దంలో ఆ పాత పద్ధతి విలువ తెలిసింది. 1952లో ఆ ఎస్టేటుదార్లలో ఒకరైన మ్యాన్వర్స్ ప్రభువు తమ ఎస్టేటును వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మారు. 1981లో అది రాజ్యం తరఫు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు మారింది. 2020లో మళ్లీ పాత ప్రభువుల థోర్స్‌బీ ఎస్టేటుకే చేరింది.

యజమాని ఎవరైనా ఈ పొలాల బరువు మోస్తున్నది కౌలు రైతులే. పెద్ద యంత్రానికి చిన్న పట్టీ సరిపోదు. మందు కొట్టే ట్రాక్టరు చెయ్యి పట్టీ కంటే వెడల్పుగా ఉంటే పొరుగువాడి పంట మీద పడుతుంది. పాత పట్టీలు కలిపి పెద్దవి చేసినా మలుపులు ఎక్కువ, డీజిల్ ఎక్కువ. కొడుకులు సేద్యంలోకి రావడం తగ్గి, కమతాలు తగ్గాయి. పన్నెండు మంది జ్యూరీ నిండాలంటే పన్నెండు మంది రైతులు ఊళ్లో ఉండాలి. ఈ ఊరి అభిమానులు అన్నింటికంటే ఎక్కువగా దిగులుపడేది ఈ లెక్క గురించే.

ప్రస్తుతానికి లెక్క నిండుతూనే ఉంది. జరిమానాలు చదవడం అయ్యాక స్టీవర్డు ఇంకో జాబితా తీస్తాడు. వచ్చే ఏడు గోధుమ పడబోయే పొలం పేరు, దానికి కొత్త జ్యూరీ పేర్లు అందులో ఉంటాయి. ఒక్కొక్కరూ బైబిల్ పట్టుకుని ప్రమాణం చేస్తారు. ఆ పొలం అప్పటికి ఇంకా దున్నలేదు. మేకులు వేసేది మళ్లీ నవంబరులో.